కారని బిందె

చౌడేశ్వరి కాన్పు గురించి మా వీధిలో ఆమెకు తప్ప అందరికీ అన్నీ తెలుసు. నొప్పి నడుములో మొదలైతేనే నిజమైనదని ఒకరు, కాదు పొత్తికడుపులోనే మొదలవ్వాలని ఇంకొకరు. జీలకర్ర కషాయం తాగితే తగ్గేవి దొంగనొప్పులని ఆమె అత్త తిరుపాలమ్మ. ఒక్కరైనా నోరు మూసుకుంటే కదా! తల్లి లేని పిల్ల, పైగా తొలిచూలు. ఎవరి మాట నమ్మాలో తెలియక అన్నింటికీ తలూపేది.

పక్కింట్లో ఉన్న నాకు మాత్రం భయంగానే ఉండేది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని, ఇంట్లో కాన్పయితే ఇద్దరికీ ప్రమాదమని కదిరిలో నర్సు చెప్పింది. "నొప్పులు వచ్చిపోతూ రానురానూ దగ్గరపడితే రా. నీళ్లు పోతే నొప్పి లేకపోయినా వెంటనే రా" అంది. ఆ మాట పట్టుకుని చౌడేశ్వరి రెండుసార్లు ఆటోలో పరుగెత్తింది. రెండుసార్లూ ఆసుపత్రి గేటు దగ్గరే నొప్పులు మాయం. తిరిగొస్తే వీధంతా ఒకటే నవ్వు. అందుకే మూడోసారి కడుపు బిగుసుకుని వదులుతున్నా ఆమె నోరు విప్పలేదు.

అది రెండువేల రెండు కరువు. ఆ ఉదయం ట్యాంకర్ రాగానే, నేను వద్దన్నా వినకుండా బిందె నింపుకుని చంకనెత్తుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో చీర తడిసి, వెనకాల మట్టిలో నీళ్లు పడుతున్నాయి.

"ఏం పిల్లా, బిందె కారతాండేది చూసుకోవా? నీళ్లన్నీ నేలపాలు!" అని అరిచింది తిరుపాలమ్మ.

చౌడేశ్వరి గడప దగ్గర బిందె దించి అడుగు తడిమింది. పొడిగా ఉంది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. చీర మాత్రం ఇంకా తడుస్తూనే ఉంది.

"బిందె కార్లేదత్తా. మరి ఈ నీళ్లు యాడనుంచి వస్తాండాయి?"

ఒక్క క్షణం తిరుపాలమ్మకూ నాకూ ఏమీ అర్థం కాలేదు. ఆ కరువులో నీళ్లంటే బిందెలోవే అనుకునే బుర్రలు మావి.

"నొప్పి ఉండాదా?" అంది తిరుపాలమ్మ.

"ఉండాదో లేదో నాకేం తెలుస్తాదత్తా? చెప్తే మల్లా నవ్వుతారు!" అని ఏడ్చేసింది ఆ పిల్ల.

"ఓర్నాయనో, ఉమ్మనీరు! జయరామూ, ఆటో పిల్చకరా!" అని కొడుకును కేకేసి, తిరుపాలమ్మ కోడలిని అక్కడే చాప మీద పడుకోబెట్టింది.

కదిరి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. వాళ్లు వారం తర్వాత తిరిగొచ్చేసరికి బిందె గడప దగ్గరే ఉంది. గ్లాసు నీళ్లకు జుట్లు పట్టుకునే వీధి మాది. అయినా ఆ రోజు నేను మూతపెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. చుక్క తగ్గలేదు.

తిరుపాలమ్మ ఆ నీళ్లే కాచి మనవరాలికి పోసింది. సగం నేలపాలైనా ఈసారి ఎవరినీ తిట్టలేదు.