మూడో ముడి

మా క్యాంపస్‌లో ఆ ఏడాది వేసిన నాటకం బాగా పాతది. పెద్దింటివాళ్ళ పెళ్ళిళ్ళ మీద, వాళ్ళ మర్యాదల మీద ఎవరో ఎప్పుడో రాసిన హాస్యం. మా ప్రొఫెసర్‌గారు దాన్ని తెలుగులోకి తెచ్చి, కథను బంజారాహిల్స్‌లో పెట్టారు. వరుణ్ణి వదిలేసి అతని బంగళాను ప్రేమించే పెళ్ళికూతురిని నేను. పెళ్ళికొడుకు తార్నాకలో ఉండే కోస్తా అబ్బాయి, నా క్లాస్‌మేటే. మంచివాడే గానీ తొందర మనిషి.

చివరి సీన్లో అతను నాకు తాళి కట్టాలి. మాణికేశ్వర్ నగర్‌లో మా ఇంట్లో ఆ సంగతి చెప్పానో లేదో, అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"పసుపు తాడు, మూడు ముళ్ళు, బాజాలు... గిది పెండ్లి గాకపోతే ఏందే?"

"నాటకమమ్మా!"

"నాటకమని దేవునికేం ఎరుకనే? రెండు ముళ్ళేసి ఆపమను. మూడోది పడ్డదో, గదే నీ ఆఖరి నాటకం."

నాకు ఒళ్ళు మండింది. ఎంఏ చదువుతున్నదాన్ని, నా మీద అమ్మకిదేం చాదస్తం! కానీ అమ్మ మాటంటే మాటే. స్టేజీ ఎక్కకుండా నేను బతకలేను. ప్రొఫెసర్‌గారు మాత్రం నవ్వకుండా విన్నారు. రెండో ముడి పడగానే లైట్లు ఆర్పేద్దామన్నారు. రిహార్సల్స్ అన్నీ అలాగే చేశాం.

నాటకం రోజు అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చి, ముందు వరుసలో కూర్చుంది. హాలు కిటకిటలాడుతోంది. నా ప్రతి మాటకూ నవ్వులే నవ్వులు. అమ్మ మాత్రం నవ్వడం లేదు, నా మెడనే చూస్తోంది.

గట్టిమేళం మోగింది. అంతే, జనమంతా లేచి నిలబడ్డారు! ఎవరూ చెప్పలేదు, అలవాటు. అక్షింతలు లేవని టికెట్లు చింపి మా మీద చల్లారు. లైట్ల దగ్గరున్నాయన కూడా ఆ సందడి చూస్తూ ఉండిపోయాడు. మొదటి ముడి పడింది, రెండోదీ పడింది. లైట్లు ఆరలేదు. ఆ కాగితాల వానలో మా పెళ్ళికొడుక్కి ఒళ్ళు తెలియలేదు. అతని వేళ్ళు మూడో ముడికి కదిలాయి. వద్దని కళ్ళతో సైగ చేశాను, అతను చూడలేదు. అయిపోయింది, నా నాటకాలు ఇక అయిపోయాయి అనుకున్నాను.

"ఆగు అల్లుడూ!"

అమ్మ గొంతు! కొంగు భుజం మీదికి లాక్కుని, పెద్దింటి అత్తగారిలా చెయ్యెత్తి నిలబడి ఉంది.

"ఫోటోగ్రాఫర్ గిటు జూస్తనే లేడు! ఫోటో రాని ముడి ఎందుకయ్యా? చేతులు గట్లనే పట్టుకో!"

హాలు దద్దరిల్లిపోయింది. అదీ నాటకంలో మాటే అనుకున్నారందరూ. పెళ్ళికొడుకు చేతులు గాల్లో ఉండగానే లైట్లు ఆరాయి. ఆ చప్పట్లు వింటూ చీకట్లోనే అమ్మ ఉన్నవైపు చూశాను. ఎక్కడ దాచుకుందీవిడ ఇదంతా? పుట్టినప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉన్నాను, నాకు తెలియనే లేదు!

తెర వెనక్కి వచ్చి అమ్మే నా మెడలోని రెండు ముళ్ళూ విప్పింది. ప్రొఫెసర్‌గారు వచ్చి చేతులు జోడించారు.

"అమ్మా, రేపటి ఆటలో కూడా ఆ మాట ఉండాలి."

"రేపు గూడ ఉన్నదా?" అంది అమ్మ.

ఆవిడ పసుపు తాడును చుట్ట చుట్టి నా చేతిలో పెట్టింది.

"అయితే గా ముందలి కుర్చీ నాకే ఉంచున్రి సారూ. నేను లేంది గీ పోరని చేతులు ఆగయ్."