అద్దాలు దించమన్న గొంతు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎర్రగుంట్లలో మా ఇంటి ప్రహరీకి అవతల శ్మశానమే. ఇన్నేళ్లలో అటునుంచి గోడ దూకి వచ్చినవి దోమలు మాత్రమే. అవి ఒక్కొక్కటి పిచ్చుకంత ఉంటాయి, నిజమే, కానీ ఏ దోమా మనిషితో మాట్లాడలేదు.

నేను ప్రతిదీ పెంచి చెబుతానని మా బంధువుల్లో ఒక మాట ఉంది. దోమల విషయంలో ఒప్పుకుంటాను. కింద రాసింది మాత్రం ఉన్నదానికంటే కాస్త తగ్గించే రాస్తున్నాను.

మా అత్తగారు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి కడప ఆసుపత్రిలో ఉన్నారు. తోడుగా మా ఆవిడ పద్మ ఉంది. మరుసటి రోజు ఇంటికి తీసుకెళ్లవచ్చని డాక్టరు చెప్పాడు. అయితే బండిలో దుమ్ము ఉండకూడదు, ఘాటు వాసన అసలే ఉండకూడదు. దారిలో దగ్గు తెర తిరగబెడితే మళ్లీ ఆక్సిజన్ పెట్టాల్సి వస్తుందని గట్టిగా హెచ్చరించాడట.

మా కారు సంగతి చెప్పాలి. సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్లో కారు అంటే చక్రాలున్న సిమెంటు బస్తా. సీట్ల కింద తవ్వితే ఒక గది కట్టుకునేంత సరుకు దొరుకుతుంది. దానిపైన వేరుశనగ పొట్టు ఒక పొర. ఆపైన, రాజంపేట పెళ్లికి పోయి వచ్చేటప్పుడు మా తమ్ముడి కూతురు చేసుకున్న వాంతి తాలూకు జ్ఞాపకం. నెలలు గడిచినా ఆ జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

ఎలా శుభ్రం చేయాలో నర్సును అడిగి పద్మ ఫోన్లో చెప్పింది. ముందు దుమ్మంతా వాక్యూమ్ మిషనుతో పీల్చి తీయాలి. సబ్బునీళ్లలో గుడ్డ పిండి సీట్లు తుడవాలి. తర్వాత స్పిరిటు గుడ్డకు అద్దుకుని, చేతులు తగిలే చోట్లన్నీ, అంటే స్టీరింగు, గేరు, బెల్టు బకిల్స్, తలుపు పిడులు తుడవాలి. బ్లీచింగు జోలికి, ఫినాయిలు జోలికి పోకూడదు. నాలుగు తలుపులూ బార్లా తెరిచిపెట్టి చేయాలి. ఈ చివరి ముక్క రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఊఁ కొట్టాను.

అన్నీ చెప్పినట్టే చేశాను. తలుపుల దగ్గరే మా ఊరి బుద్ధి అడ్డొచ్చింది. ఇక్కడ ఏది తుడిచినా మేము ముందు తలుపులు, కిటికీలు మూస్తాం. లేకపోతే తుడిచే గుడ్డ ఎత్తేలోపు తుడిచిన చోట తెల్లటి పొర పడుతుంది. అత్తగారి కోసం అద్దంలా చేసిన సీట్ల మీద మళ్లీ సిమెంటు పడనిస్తానా? తలుపులు బిగించుకుని, అద్దాలు చేత్తో తిప్పి పూర్తిగా ఎక్కించి, స్పిరిటు సీసాతో లోపల కూర్చున్నాను. గుడ్డకు అద్దడం చాలదనిపించి ధారాళంగానే పోశాను. బయట కడప జిల్లా ఎండ కారు పెట్టిన రేకుల షెడ్డును అప్పడంలా కాలుస్తోంది.

కాసేపటికి మనసుకు చాలా హాయిగా ఉంది. అంత హాయి నా పెళ్లిలో కూడా లేదు. గేరు రాడ్డు తుడుస్తుండగా కళ్లు మూతలు పడ్డాయి.

అప్పుడు వెనక సీట్లో ఎవరో దగ్గారు. తర్వాత మాట వినిపించింది.

"అద్దాలు దించమని ఆయప్పకు చెప్పు పద్మా. ఊపిరాడల్యా."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా అత్తగారు పాతకాలం మనిషి. పెళ్లయిన నాటి నుంచి నాతో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చుని తింటున్నా, "ఆయప్పకు నెయ్యి కావాలేమో కనుక్కో" అని పద్మకే చెబుతారు. నేనూ అంతే, వద్దని పద్మకే చెబుతాను. ఆ వరసలో మాట్లాడే మనిషి నాకు ప్రపంచంలో ఇంకెవరూ లేరు.

అలవాటు కొద్దీ నేను కూడా, "దించుతానని చెప్పు పద్మా" అన్నాను.

అని, అద్దం సగం దించాక గుర్తొచ్చింది, పద్మ కడపలో ఉందని.

వెనక సీటు ఖాళీ. గేటుకు లోపలి గడియ. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. తలుపు తెరిచి దిగబోయాను. నేల మీద కూలబడి, పొద్దున తిన్న ఉగ్గాని మొత్తం షెడ్డులోనే అప్పజెప్పాను. ఇంకాసేపు లోపలే ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

ఆ తర్వాత సాయంత్రం దాకా నాలుగు తలుపులూ తెరిచే ఉంచాను. సిమెంటు వచ్చి పడింది, పడనిచ్చాను. వాసన పూర్తిగా పోయాక తడిగుడ్డతో మళ్లీ తుడిచాను.

మరుసటి ఉదయం ఆసుపత్రికి వెళ్లాను. జరిగింది పద్మకు చెప్పలేదు. నిన్న పగలు మీ అమ్మ నా గురించి ఏమైనా అడిగిందా అని మాత్రం అడిగాను. లేదంది. పగలంతా మాస్కు పెట్టుకుని నిద్రపోతూనే ఉందట.

మంచం మీద సర్దుకుంటున్న అత్తగారు గోడవైపు చూస్తూ అన్నారు.

"అద్దాలు దించినాడా ల్యాదా, ముందు అది అడుగు పద్మా."

"పోయేటప్పుడు దించుతాడులేమ్మా, నువ్వు చెప్పులు తొడుక్కో" అంది పద్మ.

అత్తగారు మొదటిసారి తల తిప్పి నా ముఖం వైపు చూశారు, బాగానే ఉన్నానా అని చూసినట్టు.

దారి పొడవునా ఆమె దగ్గలేదు. ఫ్యాక్టరీల దగ్గర అద్దాలు ఎక్కించాం, దాటాక దించాం. ఇంటి ముందు దిగి, ఎవరి చేయీ పట్టుకోకుండా లోపలికి నడిచారు.

స్పిరిటు తలకెక్కి ఏదో విన్నానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అయితే ఆసుపత్రిలో నా తలకు ఎక్కింది ఒక్క కప్పు టీ మాత్రమే. ఆమె మామూలుగా ప్రయాణం గురించే అడిగి ఉండవచ్చు కూడా. ఎవరైనా అలాగే అనుకుంటారు, ఆ చూపు చూడనివాళ్లు.

అడిగితే తేలిపోతుంది. నేరుగా అడుగుదామంటే ఇన్నేళ్ల తర్వాత ఆమెతో మొదటి మాటగా ఇదా అనిపిస్తుంది. పద్మ చేత అడిగిద్దామంటే, తలుపులు బిగించుకుని తుడిచిన సంగతి ముందు పద్మకు చెప్పాలి. దయ్యాలకు భయపడని వాణ్ణే గానీ, నా ధైర్యానికీ ఒక హద్దుంది.

అందువల్ల ఆ రోజు వెనక సీట్లో దగ్గింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.