అందరు దిగిండ్రా

మా ఎదురింటి భాయ్ పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, బండి గేటు లోపల నిలబెట్టి, గడప ముందు మెట్టు మీద కూర్చుని ఒక కాలి బూటు విప్పాడు. రెండోది విప్పలేదు. వాళ్ల ఆవిడ మంచినీళ్లు తెచ్చేలోగా గోడకు ఒరిగిపోయాడు. జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరు చేయి పట్టుకుని చూసి వదిలేశాడు.

ఆయన ఆఫీసువాళ్లు దీన్ని ఇంటి దగ్గర జరిగిన సహజ మరణం అంటున్నారు. డ్యూటీలో పోయినట్టు కాదట. ఒక బూటు విప్పాడు కాబట్టి ఇంటి మనిషి, రెండోది కాలికే ఉంది కాబట్టి ఇంకా ఆఫీసు మనిషి అని నేను వాదించవచ్చు. ఈ వయసులో నాకు వాదనకు ఓపిక లేదు. కోపానికి ఉంది. అందుకే రాస్తున్నాను.

భాయ్ పెగడపల్లి వైపు ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ఆ పని ఏమిటో తెలియనివారికి చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా లైన్ ఆపమంటాడు. ఆపరేటర్ ఆపుతాడు. దీన్ని ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటారు. పని ముగించి కిందికి దిగాక లైన్‌మన్ మళ్లీ ఫోన్ చేసి ఎల్‌సీ వాపసు ఇస్తాడు. అప్పుడే లైన్ వేయాలి. ఈ రెండు ఫోన్ల నడుమ, స్తంభం మీది మనిషి ప్రాణం ఎక్కడో గదిలో కూర్చున్న ఇంకో మనిషి చేతిలో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మా భాయ్ చేతికి ఇదే పని.

ఆయనది ఒకటే పట్టు. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ల గొంతే వినాలి. పక్కనున్నవాడు చెబితే ఒప్పుకోడు. విన్నాక కూడా ఒక మాట అడుగుతాడు, "అందరు దిగిండ్రా?" అని. లైన్‌మన్లకు ఇది పెద్ద ఎగతాళి. ఎవరింట్లోనైనా దావత్‌కు వెళ్లి బస్సు దిగుతుంటే, వెనక నుంచి ఒకడు "సాబ్, అందరం దిగినం, ఇగ కరెంటెయ్యుండ్రి" అని అరిచేవాడు. ఆయనా నవ్వేవాడు.

ఏదో ఘోరం కళ్లారా చూసి ఉంటాడు, అందుకే ఇంత జాగ్రత్త అని నేను అనుకున్నాను. పుస్తకాలు చదివినవాళ్లకు ప్రతి మనిషి వెనకా ఒక కథ వెతికే జబ్బు ఉంటుంది. ఒకసారి అడిగేశాను కూడా. "ఏం కాలేదు సార్ నా చేతుల. కావొద్దనే గిట్లున్న" అన్నాడు.

పోయిన యాసంగి పంటప్పుడు ఒక రోజు నేను పెగడపల్లి దగ్గర మా తమ్ముడి ఇంట్లో, అంటే మా పెద్దనాన్న కొడుకు ఇంట్లో ఉన్నాను. ఎండ మండిపోతోంది. వరి పొట్ట మీద ఉంది. పొద్దున్నుంచి లైన్ మీద పని జరుగుతోందని కరెంటు ఆపారు. మధ్యాహ్నానికి పని అయిపోయిందని ఊరందరికీ తెలిసింది, కరెంటు మాత్రం రాలేదు. సబ్‌స్టేషన్‌లో కూర్చున్నది మీ ఎదురింటాయనే, నువ్వు చెబితే వింటాడని మా తమ్ముడు నన్ను బండెక్కించుకుని తీసుకుపోయాడు.

గేటు ముందు అప్పటికే జనం. లోపల భాయ్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద రెండు ఫోన్లు, ఒకటి ఆగితే ఇంకొకటి మోగుతోంది. ఎల్‌సీ తీసుకున్న లైన్‌మన్ ఫోన్ స్విచ్ఛాఫ్. అతని హెల్పర్ ఫోన్ చేసి పని అయిపోయింది, వేసేయమన్నాడట.

"నువ్వు దిగినవ్, మంచిదే. ఆయనేడి?" అని భాయ్ అడుగుతున్నాడు. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. "దిగిండనుకుంట అంటె నేనెట్ల ఏస్త తమ్మీ" అని పెట్టేశాడు.

తర్వాత పై అధికారి ఫోన్. లేచి నిలబడి మాట్లాడాడు. చాలాసేపు "సార్, సార్" తప్ప ఇంకో మాట లేదు. చివరికి, గొంతు పెంచకుండా, "నా చేతులతోని ఎయ్య సార్. గంత అర్జంటైతె మీరే అచ్చి ఎయ్యుండ్రి, నేను పక్కకు జరుగుత" అన్నాడు. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. రావడానికి మాత్రం ఎవరూ బయల్దేరలేదు. ఆ తర్వాత మోగింది మండలంలో పెద్ద పేరున్న ఒక నాయకుడి ఫోన్. అందులో వచ్చిన తిట్లు గది బయట నిలబడ్డ నాకూ వినిపించాయి.

భాయ్ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. వాటి మీద ఆయనకే నమ్మకం లేనట్టు. చొక్కా మొత్తం తడిసి వీపుకు అంటుకుపోయింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఒకడు ఆయన మతం ఎత్తి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. అన్నవాడు ఇది చదువుతాడు, వాడికి గుర్తుంది. మా తమ్ముడు నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. వేయమని నేను అడగలేదు. పొలం ఎండుతోందని తెలుసు. స్తంభం మీద ఎవరున్నారో మాత్రం ఆ గుంపులో ఎవరికీ తెలియదు.

చివరికి ఎవరో ఆ లైన్‌మన్‌ను బండి మీద తీసుకొచ్చారు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట. చౌరస్తా దగ్గర హోటల్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడట. గుంపులో తిట్లు, నవ్వులు. భాయ్ అతన్ని లోపలికి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, ఎప్పటి ప్రశ్నే అడిగాడు.

"దిగినం సాబ్" అన్నాడు అతను తల వంచుకుని.

అప్పుడు లైన్ వేశాడు. కాసేపటికి దూరంగా పొలాల్లో మోటార్లు అందుకున్నాయి.

మా తమ్ముడు ఊరుకోలేదు. "చాయ్ తాగెటోని కోసం మా పొలాలు ఎండవెడితివి గదనే" అన్నాడు.

భాయ్ చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "తాగనియ్యి పటేలా. చాయ్ తాగెటట్టు ఉన్నడు గద" అన్నాడు.

నేను ఎన్నో పుస్తకాల్లో ఎందరో ధీరుల మాటలు చదివాను. ఈ మాట పక్కన పెట్టదగ్గది నాకు ఇంకా దొరకలేదు.

దానికి ఆఫీసు ఇచ్చిన బహుమానం ఒక మెమో. వినియోగదారులకు అసౌకర్యం కలిగించినందుకు సంజాయిషీ ఇచ్చుకోమన్నారు. చాయ్ తాగిన లైన్‌మన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఆ పేదవాణ్ని తప్పుపట్టడం లేదు. ఫోన్ చేసి వేయమన్నవాళ్లను ఒక్కరినైనా అడిగారా అంటున్నాను. ఆ వేయమన్న మాటకు ఎక్కడా సంతకం లేదు, సాక్ష్యం లేదు.

అక్కడి నుంచి ఆయన నిద్ర చెడింది. రాత్రి డ్యూటీ చేసినవాడు పగలు పడుకోవాలి. ఎదురింటి నుంచి నేను చూస్తూనే ఉండేవాణ్ని. కుక్కర్ కూత పెడితే లేచి కూర్చునేవాడు. వాళ్ల ఆవిడ ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో దాచిపెడితే, మోగని ఫోన్ మోగిందని లేచి వెతికేవాడు. దొరికితే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా ఎల్‌సీ వాపసు వచ్చిందా అని అడిగేవాడు. డ్యూటీలో ఉన్నవాళ్లు నవ్వేవారు. బీపీ పెరిగింది, షుగర్ వచ్చింది, బెల్టుకు కొత్తగా బెజ్జాలు పడ్డాయి.

కోరుట్లలో పేరున్న డాక్టరు దగ్గరికి నేనే వెంట వెళ్లాను. ఆయన మందులు రాసి, టెన్షన్ తగ్గించుకోవాలని, నిద్ర బాగా పోవాలని చెప్పాడు. నిద్ర గురించి సలహాలిచ్చేవాళ్లంతా బాగా నిద్రపోయేవాళ్లే. మెట్లు దిగుతూ భాయ్ అన్నాడు, "టెన్షన్ నాదైతే తగ్గించుకుందు సార్. పోల్ మీదున్నోనిది గద."

ఆయన కంటినిండా నిద్రపోయింది సిరిసిల్లలోనేనట, బిడ్డ ఇంట్లో. ఆ గల్లీలో పొద్దంతా మరమగ్గాలు దడదడలాడుతూనే ఉంటాయి. ఈ చప్పుడులో మామ ఎలా పడుకుంటాడోనని అల్లుడు భయపడ్డాడట. మామ మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకుని పడుకుంటే పొద్దు గూకేదాకా లేవలేదు. వచ్చాక నాతో సంబరంగా చెప్పాడు. "గక్కడి కరెంటు సహకార సంఘపోళ్లది, మా ఆఫీసుది కాదు సార్. ఎవడు ఎక్కిండో, ఎవడు దిగిండో నాకెరుకనే లేదు."

అసలు భయం ఆయన ఒక్కసారే చెప్పాడు. నేను మెమో గురించి బాధపడొద్దని ఏదో అంటుంటే ఆపేశాడు. "మెమోకు భయం లేదు సార్. నిద్ర లేదు, మీదికెల్లి ఫోన్లు. గిట్లనే నడిస్తె ఎప్పుడో ఒకనాడు, సరే తియ్యి అని ఏసేస్తనేమో. గదీ నా భయం."

ఈ భయంతోనే వెళ్లి తనను స్టోర్‌కు మార్చమని అడిగాడు. తీగల చుట్టలు, పాత మీటర్లు చూసుకునే పని చాలన్నాడు. మనుషులు తక్కువున్నారు, రిటైర్మెంట్ దగ్గరపడింది, ఎలాగో నెట్టుకురమ్మన్నారు. నెట్టుకొచ్చాడు. చివరి రాత్రి కూడా ఒక ఎల్‌సీ ఉందని, వాపసు వచ్చేదాకా కుర్చీ దిగలేదని తోటి ఆపరేటర్ చెప్పాడు. ఆయన భయపడ్డది జరగలేదు. ఆయన చేతి కింద ఒక్క మనిషీ పోలేదు. పోయింది ఆయనే.

సంతాప సభకు నేనూ వెళ్లాను. ఆనాడు ఫోన్‌లో సార్, సార్ అనిపించుకున్న అధికారి మైకు పట్టుకుని భాయ్ అంకితభావం గురించి మాట్లాడాడు. భద్రత విషయంలో రాజీపడని ఉద్యోగి అన్నాడు. నేను ముందు వరుసలో నుంచే, మెమో సంగతి కూడా చెప్పండి అన్నాను. ఆయన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఎవరో నన్ను పెద్దమనిషి, ఆవేశంలో ఉన్నాడని కూర్చోబెట్టారు. చాయ్ తాగిన లైన్‌మన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు, మైకు ఇస్తామన్నా తీసుకోలేదు. ఖబ్రస్తాన్‌కు జనాజా మోసినవాళ్లలో మాత్రం ముందు భుజం అతనిదే.

నిన్న మధ్యాహ్నం మా గల్లీలో కరెంటు పోయింది. ఎవరో లైన్‌మన్, నాకు తెలియని మనిషి, మూలమీది స్తంభం ఎక్కాడు. కాసేపట్లోనే ఇళ్లలో నుంచి ఫోన్లు మొదలయ్యాయి, ఇంకా ఎంతసేపని. నేను చెమటలు కక్కుతూ వాకిట్లో కూర్చున్నాను. ఎదురింట్లో భాయ్ వాళ్లావిడ భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, గడువు తీరేదాకా గడప దాటదు. తలుపుకు వేసిన పరదా కొంచెం పక్కకు జరిగింది. అంచు పట్టుకున్న నాలుగు వేళ్లు మాత్రమే కనిపించాయి. స్తంభం మీద అతను తీరిగ్గా పని చేసుకుంటున్నాడు. వేళ్లు కదల్లేదు. అతని రెండు కాళ్లూ నేల మీద ఆనాక, పరదా మెల్లగా పడిపోయింది.