కుదురులేని పిల్లల చిత్రకారిణి వకుళ ఆంటీ

వకుళ ఆంటీ ఇక లేరన్న మెసేజ్ మంగళవారం పొద్దున ఆఫీసు మీటింగులో ఉండగా వచ్చింది. నమ్మలేక మూడుసార్లు చదివాను. కోవెంట్రీలోని ఆమె ఇంటికి వెళ్దామని కారు తీసినదాన్ని, ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్ ఊరి రౌండెబౌట్ల చుట్టూ తిరిగి తిరిగి ఇంటికే వచ్చిపడ్డాను. వారమైంది. ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆమె కాకినాడ ఆడపడుచు. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాకే కుంచె పట్టారు. ఇంప్రెషనిస్టుల బాట ఆమెది, గీత కన్నా వెలుతురు ముఖ్యం. పసితనపు చాంచల్యాన్ని రంగుల మరకల్లో అంతలా పట్టిన చిత్రకారిణి మన తెలుగువాళ్లలో నాకు మరొకరు కనబడలేదు.

ఆదివారం తెలుగు బడి ముగిశాక పిల్లల్ని హాల్లో వదిలేసి, వాళ్లు పరుగెత్తుతుంటే బొమ్మలు వేసేవారు. పట్టు పరికిణీలు కట్టి, తలలు దువ్వి తెచ్చిన తల్లులకు ఒళ్లు మండేది. "కుర్చీలో కూర్చోబెడితే కుర్చీ బొమ్మే వస్తుందమ్మా" అనేవారు. శనివారాలు ఆమె దగ్గర బొమ్మలెయ్యడం నేర్చుకునే నాకు ఆ మాట అర్థమైందనే అనుకున్నాను.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఆమె వేసిన బొమ్మ ఇంటికి తెచ్చుకున్నాను. ముఖమంతా పసుపూ ఊదా మరకలు, కళ్లున్నచోట రెండు మెరుపులు. వీడియో కాల్లో చూసిన మా అత్తగారు, పిల్లకు కళ్లేవీ అన్నారు. పౌరుషం వచ్చి, నేనే నల్లరంగుతో కళ్లూ రెప్పలూ దిద్దాను. చక్కగా కుదిరాయని మురిసిపోయాను కూడా.

పుట్టినరోజుకు వచ్చిన ఆంటీ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. తిడతారనుకున్నాను.

"నీ కూతురు నీవైపు ఇంతసేపు ఎప్పుడు చూసిందే?" అన్నారు, అంతే. తర్వాత కేకు తిని, పిల్లలతో ఆడి వెళ్లారు.

నాలుగేళ్లు నసిగి, ఈ చలికాలంలో తప్పు ఒప్పుకుని, ఆ బొమ్మ మళ్లీ వెయ్యమని బతిమాలాను. ఆ ఆరేళ్ల పిల్ల తనకింకా బాగా గుర్తుందనీ, కాస్త ఎండలు రానిమ్మనీ అన్నారు. ఎండలు వచ్చాయి. ఆమె వెళ్లిపోయారు.

నిన్న మా అమ్మాయికి ఈ కబురు చెప్పాను.

"ఆంటీ నెవర్ సెడ్ సిట్ స్టిల్, అమ్మా" అని తన గదిలోకి వెళ్లిపోయింది. కదలకుండా కూర్చోమని దానికి రోజూ చెప్పేది నేనే.

ఆంటీ, మీ పాదాలకు నమస్కారం. ఆరేళ్ల నా బిడ్డ ఫోటోలు నా ఫోనులో వందలున్నాయి. ఆ పిల్లను నిజంగా చూసింది మీరొక్కరే. మీతోపాటే ఆ ఆరేళ్ల పిల్ల కూడా నాకు దక్కకుండా పోయింది.