ముందు మీరు కొనండి

మా మేనత్త లాడ్జి దుప్పట్లు ఉతుకుతుంది. ఆమె బాదుడుకి పెరట్లో బండ అరిగి అరిగి అద్దమైపోయింది. దాంట్లో చూసుకుని గడ్డం గీసుకున్నవాణ్ణి నేను, నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ. వీధిలో అందరూ ఆమెను దుప్పట్లత్త అంటారు. పదో తరగతి దాటకుండానే బడికి ఓ దండం పెట్టి ట్రాలీ ఆటో పట్టిన నన్ను మాత్రం ఆమె "ఒరేయ్ ప్రొఫెసరూ" అని పిలుస్తుంది.

అలాంటి అత్తకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. సరిగ్గా అప్పుడే లాడ్జి మేనేజరు కబురు పెట్టాడు: పై అంతస్తు గదులు తెరుస్తున్నారట, దుప్పట్లు రెట్టింపవుతాయట, గురువారం పొద్దున మొదటి మోపు అందకపోతే పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట. పెద్ద వాషింగ్ మెషిన్ ఉంటే తప్ప గండం గడవదు. చేతిలో అంత డబ్బు లేదు. అప్పిచ్చేవాళ్ళకేం కొదవ లేదు గానీ, అత్త వడ్డీ జోలికి పోదు. మా మతంలో వడ్డీ తినడమే కాదు, కట్టడమూ తప్పే. "భుజం పోతే పోయింది, ఆ ఒక్క మాటా పోనివ్వను" అంటుంది.

వడ్డీ లేకుండా వస్తువులు ఇప్పించే ఆఫీసు ఒకటుందని విని, నన్ను వెంటేసుకుని వెళ్ళింది. నాలాంటి మేధావి పక్కనుంటే అదో ధైర్యం కదా. అక్కడి ఆఫీసరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"మేం డబ్బివ్వమమ్మా. మీకు కావలసిన మెషిన్ మేమే కొని, మా లాభం ఎంతో మీకు చెప్పి, మీకు అమ్ముతాం. వాయిదాల్లో కట్టుకోండి. ఒక వాయిదా ఆలస్యమైనా ధర పెరగదు."

"మీరు కొన్నాక, నాకు అమ్మకముందే అది పాడైతే?"

"అప్పటికది మా వస్తువు. నష్టమూ మాదే."

అత్త తలూపింది. "అయితే ఇది బేరమే."

వీధికి మాత్రం ఆ మాట ఎక్కలేదు. ఎదురింటి ఇస్త్రీ మామ చేతిలో పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. "కొట్లో ఒక రేటు, వీళ్ళ దగ్గర ఇంకో రేటు. ఆ పైది వడ్డీ కాక దీవెనా అక్కా?"

"నువ్వు చొక్కాకి బొగ్గుల ఖర్చే తీసుకుంటున్నావా? అమ్మేవాడు లాభానికే అమ్ముతాడు."

"అప్పిచ్చేవాడూ లాభానికే ఇస్తాడు."

"వాడిచ్చేది డబ్బు. ఆ డబ్బుతో నేను కొన్నది ఇంటికొచ్చేలోపు ముక్కలైనా వాడికి చెమట పట్టదు. వీళ్ళు ముందు వస్తువును నెత్తికెత్తుకుంటున్నారు. అదీ తేడా."

"పేరు మార్చారంతే" అని మామ మళ్ళీ పెట్టె అందుకున్నాడు.

ఏ కొట్లో ఏ మెషిన్ కావాలో అత్త చూసి ఆఫీసులో చెప్పింది. బుధవారం మధ్యాహ్నం ఆ మెషిన్ల కొట్టువాడు నాకు ఫోన్ చేశాడు. "గురూ, మీ అత్త మెషిన్ రెడీ. పట్టుకుపో." నా ట్రాలీ సంగతి మీకు తెలీదు. ఒకసారి దానిమీద ఏనుగును ఎక్కిస్తే, ఇల్లొచ్చినా దిగనని మారాం చేసింది. మెషిన్‌ను పువ్వులా తెచ్చి గుమ్మం ముందు ఆపాను. వీధంతా మూగింది. ఇస్త్రీ మామ దించడానికి చెయ్యి వేశాడు.

"ఆగండి" అంది అత్త. "ఒరేయ్, బిల్లు ఎవరి పేరున ఉంది?"

"నీ పేరునే. ఇంకెవరి పేరున ఉంటుంది, మహారాణీ?"

"ఆఫీసువాళ్ళు కొన్నారా?"

కొట్టువాడికి ఫోన్ చేసి అడిగాం. "ఎలాగూ ఆవిడకే కదా వెళ్ళేది, తిరుగుడెందుకని నేరుగా పంపేశా. వాళ్ళు రేపొచ్చి డబ్బు కట్టేస్తారులే" అన్నాడు, పెద్ద మేలు చేసినవాడి గొంతుతో.

అత్త ఆఫీసరమ్మకు ఫోన్ చేసింది. ఆమె కంగారుపడింది. "మీ పేరున బిల్లయితే మీరు కొనేసినట్టేనమ్మా. ఇక మేం మీకు అమ్మేదేముంది? మీ బదులు డబ్బు కట్టి, మీ దగ్గర ఎక్కువ లాగినట్టవుతుంది. అది మేం చెయ్యం. వెనక్కి పంపండి. రేపు మధ్యాహ్నం నేనే కొట్టుకొచ్చి మా పేరున కొంటాను."

రేపు మధ్యాహ్నమట! మోపు అందాల్సింది పొద్దున. నానబెట్టిన దుప్పట్లు తొట్టెల్లో మా మొహాలే చూస్తున్నాయి.

"అత్తా, ఈ ఒక్క మోపూ ఉతికేసుకో. కాగితాలు రేపు సరిచేసుకుందాం. మెషిన్‌కేమైనా నోరుందా చెప్పడానికి?" అన్నాను.

"నాకుంది. ఇంతమందితో ఇది బేరమని వాదించి, నా చేతులతో నేనే దాన్ని వడ్డీ చేసుకోనా? తిప్పరా బండి."

"లాడ్జి పని పోతుందక్కా" అన్నాడు ఇస్త్రీ మామ, ఈసారి నవ్వకుండా.

"పోనివ్వను."

బండి తిప్పాను. కొట్లో దించి తిరిగొచ్చేసరికి అత్త ఎడమ చేత్తో బాదుతోంది. ఇస్త్రీ మామ ప్యాంటు మడిచి తొట్టెలో దిగి తొక్కుతున్నాడు. "ఇప్పటికీ వడ్డీయే అంటాను. తొక్కడం వేరు, ఒప్పుకోవడం వేరు" అని నన్ను చూసి గట్టిగా చెప్పాడు. నేను పిండాను. నేను పిండిన నీళ్ళకు వీధి చివర కాలువ పొంగి బాతులు కొట్టుకుపోయాయి. ఆరనివాటిని మామ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాడు. గురువారం పొద్దున మోపు లాడ్జికి చేరింది. అంచులు చెమ్మగా ఉన్నాయని మేనేజరు గొణిగాడు గానీ, తీసుకున్నాడు.

మధ్యాహ్నం కొట్లో ఆఫీసరమ్మ అత్త పేరున ఉన్న బిల్లు రద్దు చేయించి, డబ్బు కట్టి, తమ పేరున కొత్తది రాయించింది. మెషిన్ తెరిపించి చూసి స్వాధీనం చేసుకుంది. అప్పుడు అత్తవైపు తిరిగింది. "ఇది మా మెషిన్. మేం కొన్న ధర ఇది, మా లాభం ఇది. కొంటారా?"

అత్త మూత తెరిచింది. డ్రమ్మును ఎడమ చేత్తో తిప్పింది. మెషిన్ చుట్టూ తిరిగి వెనకాల వంగి చూసింది. అక్కడో సొట్ట ఉంది. ఎక్కడ పడిందో నాకు తెలీదు, నా డ్రైవింగు మీద మాత్రం అనుమానాలొద్దు.

"ఈ సొట్ట మీదా, నాదా?" అని అడిగింది.

ఆఫీసరమ్మ వంగి చూసి నిట్టూర్చింది. "కొనేటప్పుడు మేం చూసుకోలేదు. మాదే."

"అయితే తగ్గించండి."

"అత్తా!" అన్నాను సిగ్గుతో చచ్చిపోయి.

"నువ్వూరుకో. బేరమన్నాక ఆడొద్దూ?"

ఆఫీసరమ్మ తమ లాభంలోంచి కొంత కోసి కొత్త ధర చెప్పింది. అత్త దాన్ని పెదవులతో ఓసారి నెమరేసుకుని, కొట్లో అందరికీ వినబడేలా "కొంటున్నాను" అంది.

తరువాత నావైపు చూసింది. "ఇప్పుడెత్తరా."