విలియం తాతకు నేను పోసిన మూడేళ్ల ఆయుష్షు

బ్రహ్మ రాసిన రాత ఎవడూ మార్చలేడంటారు. నేను మార్చాను. ఒక మనిషికి మూడేళ్ల ఆయుష్షు ఎక్కువ వేశాను. అదీ నల్లరాతి మీద, అదీ ఆయన పోయిన అరవై ఏళ్లకి! ఆ ఘోరం పూసగుచ్చినట్టు చెబుతాను, పొయ్యి మీద పాలుంటే దింపి రండి.

అప్పట్లో మేం కెనడాలో, ఒంటారియోలోని లండన్‌లో కొత్తగా ఇల్లు కొన్నాం. పక్కింటి మార్గరెట్ గారికి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ తాత విలియం ఇంగ్లండులో నలభై గడపల పల్లె నుంచి వచ్చి, ఇక్కడ పొలం దున్ని, ఇక్కడి మట్టిలోనే కలిశాడు. సమాధి మీద పోయిన తేదీ ఉంది. పుట్టిన తేదీ చోటు మాత్రం ఖాళీ, ఎవరికీ తెలియదు కనక. ఆవిడ గుండె అప్పటికే మొరాయిస్తోంది.

"ఆ ఖాళీ నింపకుండా పోతే తాతకి మొహం ఎలా చూపించను, ప్రసాద్?" అందావిడ ఓరోజు. బయట నవంబరు వాన, లోపల ఆవిడ దగ్గు.

వినయం ఆ రోజుల్లో నా ఒంటికి పడేది కాదు. "ఆంటీ, రెండ్రోజులు టైమివ్వండి. ఆయన జాతకం వేయించి మరీ ఇస్తా" అన్నాను.

రెండ్రోజులు కాస్తా ఆరు ఆదివారాలయ్యాయి. ఆ ఇంగ్లండు పల్లె చర్చివాళ్లు పాత పుస్తకాల ఫొటోలు నెట్‌లో పెట్టారు. బాప్తిస్మాలదొకటి, ఖననాలదొకటి. పాదిరి చేతిరాత సిరాబుడ్డిలో మునిగిన బొద్దింక పరుగెత్తినట్టుంది. చివరికి దొరికాడు! విలియం, తండ్రి జాన్, రైతు కూలీ. అంచున పుట్టిన తేదీ కూడా. నేను వేసిన కేకకి బేస్‌మెంట్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆగిపోయింది.

మా ఆవిడ శారద కాఫీ తెచ్చి, "ఆ రెండో పుస్తకం కూడా ఓసారి చూడండి" అంది.

"చావులదా? ఛీ ఛీ! శుభమా అని పుట్టుక దొరికితే చావులు తిరగేయమంటావా? పైగా ఆయన పోయింది ఇక్కడ. అక్కడెందుకుంటాడు?"

"ఇమిగ్రేషన్ వాళ్లు మీ డిగ్రీలు చూశారు గానీ తెలివి చూడలేదండీ" అని కప్పు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

మంచు కరిగాక రాయి చెక్కేవాడొచ్చాడు. మార్గరెట్ గారు వీల్‌చెయిర్‌లోంచి వంగి ఒక్కొక్క అంకె తడిమి ఏడ్చింది. నేను శంకుస్థాపన మంత్రిలా పక్కన నిలబడి ఫొటో దిగాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఆ పల్లెలో చర్చి పుస్తకాలు చూసుకునే పెద్దావిడకి ఆ ఫొటో పంపాను, మెప్పు కోసం.

జవాబొచ్చింది. "చాలా బాగుంది. కానీ ఈ తేదీన పుట్టిన పిల్లాడు మా చర్చి గోడ పక్కనే ఉన్నాడండీ. రెండున్నరేళ్లకి దగ్గుతో పోయాడు. ఆర్నెల్లకి పుట్టిన తమ్ముడికి అదే పేరు పెట్టారు. అప్పట్లో అది మామూలే. కెనడా వచ్చింది ఆ తమ్ముడు. ఖననాల పుస్తకం చూడలేదా?"

కాళ్ల కింద కెనడా కదిలింది. మా తాత పేరు పెంటయ్య. ముందు పుట్టినవాడు పోతే, యముడు అసహ్యించుకుని వీణ్నయినా వదిలేస్తాడని పెట్టిన పేరు. మనవాళ్లు పేరు మార్చి యముణ్ని బోల్తా కొట్టిస్తారు. వాళ్లు మార్చకుండా నన్ను బోల్తా కొట్టించారు.

"వెళ్లి చెప్పండి" అంది శారద.

"ఆవిడ గుండె..."

"వాళ్ల తాతని అబద్ధపు రాయి కింద ఉంచడం కన్నా నయం."

వెళ్లాను. రాయి చెక్కనేల, చెరపనేల అన్నట్టుంది నా బతుకు. అంతా చెప్పి, "కొత్త రాయి వేయిద్దాం ఆంటీ" అన్నాను.

ఆవిడ అడిగింది. "ఆ పసివాడికి అక్కడ రాయి ఉందా?"

"లేదట. ఉత్త గడ్డి."

"అయితే ఉండనీ. పుట్టిన తేదీ అన్నయ్యది, పోయిన తేదీ తమ్ముడిది. తల్లి ఇద్దర్నీ ఒకే పేరుతో పిలుచుకుంది. ఇద్దరికీ ఒక రాయి చాలు."

నా కళ్లు నిండాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "కానీ ప్రసాద్, నా రాయి జోలికి మాత్రం రాకు."

మరుసటి చలికాలం ఆవిడ దాటలేదు. తన పుట్టిన తేదీ ముందే కాగితం మీద రాసి శారదకిచ్చింది. గమనించండి, శారదకి.

కాబట్టి, పాఠకులారా, పెంటయ్య తాత మీద ఒట్టేసి చెబుతున్నాను. ఎవరి పుట్టుక వెతికినా ముందు చావుల పుస్తకమే తెరుస్తాను. ఈ మధ్య నా పుట్టినరోజుకి కేకు కోసే ముందు కూడా అదే చూసుకుంటున్నాను, ఇంకా ఉన్నానో లేదో అని.