మా అక్కకు ఆగని బస్సు

మా చిన్నప్పుడు స్టేజీ కాడ నిలవడితే బస్సు కంటే ముందుగాల దాని దుబ్బ లేసుడు కనవడేది... ఆ దుబ్బ చూడంగనే మా అక్క ఎస్తేరు పుస్తకాల సంచి భుజానికి గట్టిగ ఏసుకొని, చెప్పులు సరిజేసుకునేది. ఉర్కాలె గదా మరి...

మాది హత్నూర దిక్కు చిన్న ఊరు. పొద్దుగాల సంగారెడ్డికి పోయే బస్సు ఒక్కటే. మా ఊరికొచ్చేసరికే నిండిపోయేది. డ్రైవరు స్టేజీ కాడ ఆపకపోయేటోడు... దిగేటోళ్లుంటే జెర ముంగటికి పోయి ఆపేటోడు. మొగపిల్లలు ఉర్కి ఫుట్‌బోర్డు మీద ఏలాడేటోళ్లు. ఆడపిల్లలు అక్కడిదాంక ఉర్కి, మళ్ల వెనకకు నడిచొచ్చేటోళ్లు.

నేనప్పుడు ఊరి బడిల చదువుతున్న. బడి గంట కొట్టేదాంక అక్కతోని స్టేజీ కాడనే ఉండేదాన్ని.

అక్క ఇంటర్ల సైన్సు తీసుకున్నది. మా ఇంట్ల పదో తరగతి దాటిన మొదటి మనిషి. బాపు బొల్లారంల మందుల కంపెనీల పని చేసేటోడు, అమ్మ కూలికి పోయేది. ఆదివారం చర్చి కాడ పాస్టరమ్మ "మన ఎస్తేరు నర్సయితది చూడున్రి" అంటే, అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వేది...

కాలేజీకి లేటుగ పోతే సారు బయట నిలవెట్టేటోడట. "బస్సు ఆపలేదు సార్" అంటే "రోజూ ఇదే కథనా?" అన్నడట అందరి ముంగట. ఆ ముచ్చట చెప్పిన నాడు అక్క అన్నం తినకుంటనే పండుకున్నది.

ఇగ అమ్మకు సహించలే. ఇంకో ఇద్దరు పిల్లల తల్లులను తోలుకొని పోయి రోడ్డుకు అడ్డం కూసున్నది. బస్సు ఆగింది... ఆగక ఏం జేస్తది? డ్రైవరన్న దిగిండు. కొట్లాటకు రాలే. చెమట తుడుసుకుంట అన్నడు...

"అమ్మా, మీరే లోపలికి చూడున్రి. కాలు పెట్ట జాగున్నదా? నేను వీళ్లను ఎక్కడ ఎక్కియ్యాలె?"

"గట్లయితే ఇంకో బస్సెయ్యమను మీ సార్లను!" అన్నది అమ్మ.

"నేను చెప్తే ఇంటరా అమ్మా... మీరే చెప్పున్రి."

చెప్పిన్రు. కూలి ఇడిసిపెట్టుకొని డిపోకు పోయిన్రు, మండలాఫీసుకు పోయిన్రు. పోయిన కాడల్లా "చేస్తం, చేస్తం" అన్నరు...

చేసిన్రు కూడ. మా స్టేజీ కాడ షెడ్డు కట్టిచ్చిన్రు!

సిమెంటు బెంచీలు, పైన రేకులు, ముంగట పెద్ద పెద్ద అక్షరాలతోని ఒక నాయకుని పేరు. కొబ్బరికాయ కొట్టి, రిబ్బన్ కత్తిరించి, ప్రయాణికుల సౌలతు కోసం అని మైకుల చెప్పి కార్లెక్కి పోయిన్రు. అమ్మ బస్సు అడిగింది... వాళ్లు కూసునే జాగ ఇచ్చిన్రు.

తెల్లారి ఆ కొత్త షెడ్డు నీడల నిలవడి అక్క చెయ్యెత్తింది. బస్సు ఆపకుంటనే పోయింది.

ప్రాక్టికల్ పరీక్ష నాడు గూడ అంతే. అమ్మ ఒక లారీ ఆయనను బతిమిలాడి, అక్కను తోలుకొని పోయింది. పోయేసరికి పరీక్ష మొదలై శానసేపయిందట. లోపటికి రానియ్యలే.

"ఏం కాదు బిడ్డా, వచ్చే ఏడు రాద్దువు తీ..." అన్నడు బాపు.

"వచ్చే ఏడు బస్సు ఆపుతరా బాపు?"

అక్క ఏడ్వలే. పుస్తకాలు సంచిల సదిరి పైన దూలానికి తగిలిచ్చింది.

కొన్ని నెల్లకు, మందు గోళీలు ప్యాకింగ్ చేసే కంపెనీల ఆడపిల్లలు కావాలన్నరు. అక్క చేరింది. మొదటి దినం స్టేజీ దాంక నేనూ ఎంట పోయిన. బస్సు కనవడంగనే అలవాటుగ ఉర్కనీకి తయారైన...

కంపెనీ బస్సు షెడ్డు ముంగటనే వచ్చి ఆగింది. అక్క చెయ్యి గూడ ఎత్తలే. ఇంకొకామె సద్ది గిన్నె పట్టుకొని దూరంకెళ్లి వస్తుంటే, ఆమె ఎక్కేదాంక డ్రైవరు ఆగిండు. అక్కకు కిటికి పక్కన సీటు దొరికింది. నాకు చెయ్యూపింది...

చదువుకు పోతనంటే కాలు పెట్ట జాగ లేని రోడ్డు మీద, పనికి పోతనంటే సీటు దొరికింది. ఆ కోపం నాకు ఇయ్యాల్టికీ సల్లారలే.

నన్ను మాత్రం అక్క పట్టువట్టి సంగారెడ్డి హాస్టల్ల ఏపిచ్చింది. "దీనికి ఈ ఉర్కుడు వద్దు" అన్నది బాపుతోని. నేను టీచరునైన.

ఇప్పుడు రోడ్లు ఎడల్పయినయ్. ఆడోళ్లకు బస్సుల టికెట్టు పైసలు లేవు. మంచిదే, కాదన... మొన్న మా ఊరి దిక్కే ఉన్న అక్కోళ్లింటికి పోయిన. ఆమె బిడ్డ కీర్తనకు సంగారెడ్డిల ఇంటర్ సీటొచ్చింది. సంబురంగ అన్న...

"ఇప్పుడు పరేషాన్ లేదక్కా, బస్సు యాడున్నదో ఫోన్లనే చూసుకోవచ్చు."

"వస్తున్నదని చూపిస్తది. ఆపుతడో లేదో చూపిస్తదా?" అన్నది అక్క, బియ్యం ఏరుకుంట. "సంగారెడ్డిల రూం కిరాయికి తీసుకున్న. బిడ్డ, నేను ఆడుంటం. మీ బావ ఈడుంటడు. బస్సును నమ్మి దాని చదువు పెట్టలేనే..."

ఒక పిల్ల పొద్దున కాలేజీకి పోయి మాపటికి తనింటికి వచ్చుడు... గంత చిన్న పని కోసం ఒక సంసారం రెండు ఇండ్లయింది.

బస్సెక్కినోళ్లను అందరు లెక్కవెడతరు. స్టేజీ కాడ మిగిలిపోయినోళ్లను ఎవరు లెక్కవెట్టిన్రు? మీ ఊర్ల గట్ల మిగిలిపోయిన ఆడపిల్ల ఎవరన్న ఉంటే... ఆమె పేరు కింద రాయున్రి.